గోదారి లంకలో మాయ, స్నేహం: టీనేజ్ పిల్లల కోసం నవల ఎలా రాయాలి

పదిహేను, పదహారేళ్ల పిల్లల కోసం మాయల నవల రాయాలనుకునేవాళ్లు చాలామంది ముందు మాయ దగ్గరే ఆగిపోతారు. అమ్మాయికి ఏ శక్తి ఉండాలి, మంత్రం ఎలా వినిపించాలి, శత్రువు ఎంత భయంకరంగా ఉండాలి అని నోట్‌బుక్‌లు నింపుతారు. పిల్లలు ముగ్గురు నలుగురు కలిస్తే స్నేహం అదే వస్తుందిలే అని ఆ సంగతి వదిలేస్తారు. అలా రాదు. అలా రాసిన పుస్తకంలో స్నేహితుడు కథానాయిక వెనకాల సంచీ మోస్తూ నడిచే మనిషిగా మిగిలిపోతాడు.

ఇక్కడ చెప్పే పద్ధతికి మూలం ఒక్కటే. మీ కథలో మాయ వాడిన ప్రతిసారీ దాని దెబ్బ స్నేహితుడి మీద పడాలి. ఆ ఒక్కటి గట్టిగా పట్టుకుంటే కథ, గొడవ, ముగింపు అన్నీ దాని వెంట వస్తాయి. గోదావరి డెల్టాలో పెరిగినవాళ్లకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. ఒక ఒడ్డున రాళ్లు పోసి కోత ఆపితే ఏరు ఎదురొడ్డు మీదకి మళ్లడం, అక్కడి కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే నీళ్లలోకి ఒరగడం లంకల్లో, అంటే ఏటి మధ్య దీవుల్లో, వాళ్లు చూస్తూనే ఉంటారు. ఆ అన్యాయాన్నే మాయగా మార్చండి. ఎలాగో ఒక ఉదాహరణ కథ కట్టుకుంటూ చూద్దాం.

ముందు ఒక రేవు ఎంచుకోండి

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్నదే కోనసీమ. వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. నది ఏడు పాయలై ఏడుగురు ఋషుల వెంట సముద్రానికి వెళ్లిందన్న పాత నమ్మకం ఒకటి ఉంది. అదే ఒక పెద్ద కథ. అందుకే కొత్త రచయితలు ఏడు పాయలకీ ఏడు శక్తులు పెట్టి ఏడు భాగాల సిరీస్ ప్లాన్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మొదటి నవలకి ఒక పాయ చాలు, ఆ పాయలో ఎదురెదురుగా ఉన్న రెండు లంకలు చాలు, ఆ రెంటినీ కలిపే ఒక రేవు చాలు.

లంకలకి పేర్లు మీరే పెట్టుకోండి. నిజమైన ఊరి పేరు పెడితే అక్కడి ప్రతి కుటుంబం తమ గురించే రాశారనుకుంటుంది, మీకు కూడా చెయ్యి ఆడదు. చుట్టూ ఉన్న అమలాపురం, రాజోలు, రావులపాలెం మాత్రం అలాగే ఉంచండి. ఊహించిన ఊరు నిజమైన ఊళ్ల మధ్య నిలబడితేనే పాఠకుడు నమ్ముతాడు.

తర్వాత ఒక తెల్లకాగితం మీద మ్యాప్ గీయండి. రేవు, ఏటిగట్టు, బడి, గుడి, చర్చి, పేట, అరటితోటలు, పశువుల పాకలు. గీశాక ప్రతి ఇంటి పక్కనా అది మెరకలో ఉందో పల్లంలో ఉందో రాయండి. వరద కథలో అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం ఇదే. ఎవరి గడప ముందు మునుగుతుంది? అందరూ గట్టెక్కాక కూడా ఎవరి పశువులు లోపల ఉండిపోతాయి? ఊళ్లో ఎవరికి ఎంత విలువ ఉందో ఆ మ్యాప్ మీద కనిపించాలి.

మాయ జరగడానికి చోటు కావాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. పి.గన్నవరం దగ్గర అక్విడెక్టు చూడండి. కింద వైనతేయ పారుతుంటే దాని నెత్తిన కాలవ పారుతుంది. నీటి మీద నీరు నడిచే చోటు. పాతది ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాలం నాటిది, కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్లకి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. సముద్రం వైపు కథ నడిపితే కోరంగి మడ అడవులున్నాయి. అక్కడ నీటికుక్కలు, చేపలు పట్టి తినే బావురుపిల్లులు తిరుగుతాయి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఇవన్నీ ఉండగా మంచుకొండలూ రాతికోటలూ అరువు తెచ్చుకోవాల్సిన అవసరం మనకేముంది?

మాయకి నియమం పెట్టండి, నియమానికి ఖరీదు పెట్టండి

ఎక్కువ రోజులు ఇక్కడే కూర్చోండి. తొందరపడితే తర్వాత అధ్యాయాలన్నీ తిరగరాయాల్సి వస్తుంది.

నియమం ఎలా ఉండాలో అంతర్వేది స్థలపురాణం నేర్పుతుంది. రక్తవలోచనుడనే రాక్షసుడికి ఒక వరం ఉంది. వాడి రక్తం ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుడతారు. నదీతీరంలో, ఇసుకలో, అలాంటివాడితో యుద్ధం! ఎంత గట్టిగా కొడితే శత్రువులు అంత పెరుగుతారు. చివరికి బలం పెంచుకుని గెలవలేదు. రక్తం నేల మీద పడకుండా అమ్మవారు నాలుక చాచి పట్టింది, అప్పుడు నరసింహస్వామి వాణ్ని చంపాడు. వరం స్పష్టంగా ఉంది, ఆ నేలకి అతికినట్టుంది, దాన్ని గెలిచే దారి కూడా వరంలోనే దాగుంది. పైగా ఒక్కరి వల్ల కాలేదు, ఇద్దరు కావాల్సి వచ్చింది. మీ మాయని ఈ కొలతతోనే చూసుకోండి.

మన ఉదాహరణ కథలో అమ్మాయి పేరు దుర్గ అనుకుందాం. వాళ్ల అమ్మమ్మ వంశంలో ఆడపిల్లలకి నీటిని తోసే శక్తి వస్తుంది. వరద మీదకొస్తుంటే చెయ్యి నీళ్లలో పెట్టి నిలబడితే చాలు, నీరు తమ లంకని వదిలి పక్కకి మళ్లుతుంది. ఇప్పుడు నియమాలు పెడదాం.

నీటిని పుట్టించడం కుదరదు, మాయం చేయడం కుదరదు. తోయడం ఒక్కటే కుదురుతుంది. తోసిన నీరు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కాబట్టి ఎదురు లంక మీదకి పోతుంది. ఆ ఎదురు లంకలో సత్తిబాబు ఇల్లుంది. చిన్నప్పటినుంచీ దుర్గతో ఒకే పంటు (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి బడికొచ్చే సత్తిబాబు.

ఇంకో నియమం సమయానిది. సముద్రానికి దగ్గరున్న పాయల్లో రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు తీస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది. మాయ పోటు మీదే పనిచేస్తుందనుకోండి. అప్పుడు దుర్గకి ఆరేసి గంటల గడువు దొరుకుతుంది, పంచాంగం చూస్తే పాఠకుడికి కూడా ముందే టెన్షన్ మొదలవుతుంది. సముద్రం పోటు మీద ఉంటే వరదని లోపలికి తీసుకోదని ఇక్కడ అందరికీ తెలుసు. అంటే మాయ బలంగా ఉండే వేళ, వరద ఎక్కువసేపు నిలిచే వేళ ఒక్కటే. ఈ సంగతి మీరు కల్పించలేదు, నదే ఇచ్చింది. ఇలాంటివి రెండు దొరికితే మీ మాయకి ఇంక తిరుగులేదు.

చివరి నియమం రహస్యానిది. శక్తి గురించి ఎవరికైనా చెప్తే పోతుందని పెట్టాలనిపిస్తుంది. వద్దు. అలా పెడితే దుర్గ చెప్పకపోవడానికి కారణం మాయే అవుతుంది, తప్పు ఆమెది కాకుండా పోతుంది. ఆమె సత్తిబాబుకి చెప్పొచ్చు. ఎవరూ ఆపలేదు. సిగ్గుతో, భయంతో చెప్పలేదు. పదహారేళ్ల పాఠకుడికి ఆ సిగ్గు బాగా తెలుసు.

స్నేహాన్ని రోజువారీ పనుల్లో పెట్టండి

"వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులు" అని రాసిన వాక్యాన్ని కొట్టేయండి. దాని బదులు వాళ్లు కలిసి చేసే పనులు రాయండి. పంటు తప్పిపోయిన రోజు పడవ కోసం రేవులో కూర్చోవడం. ఒకరి టిఫిన్ ఒకరు తినడం. కాలవ కట్టేసిన వేసవిలో అడుగున మిగిలిన నీళ్లలో చేపలు పట్టడం. సత్తిబాబు నాన్న దింపులు తీస్తాడనుకోండి, చెట్టెక్కిన మనిషి దిగేదాకా ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరనుకోండి. దుర్గ ఆ ఇంటికి వెళ్లినప్పుడు తనూ అలాగే గొంతు తగ్గిస్తుంది. ఆ ఒక్క వివరం పేజీడు వర్ణన కన్నా ఎక్కువ చెప్తుంది.

పిల్లల సాహసకథల్లో ఎప్పుడూ వచ్చే చిక్కు ఒకటుంది. అమ్మానాన్నలు పక్కనుంటే పిల్లలు రాత్రిపూట ఏటికి ఎలా వెళ్తారు? మన దగ్గర ఈ ప్రశ్నకి నిజమైన జవాబుంది. కోనసీమ నుంచి చాలామంది అమ్మలు కువైట్‌కీ, మస్కట్‌కీ, దుబాయ్‌కీ ఇంటి పనికి వెళ్లారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. దుర్గ వాళ్లమ్మ కూడా కువైట్‌లో ఉందనుకోండి. రాత్రి వీడియో కాల్‌లో "నీళ్లు ఎంతవరకొచ్చాయే?" అని అడుగుతుంది. శక్తి ఉన్న ఆ తల్లి ఎందుకు వెళ్లిపోయింది? డబ్బు కోసమేనా, ఒకప్పుడు ఆమె కూడా ఎవరి ఇంటి మీదకో నీరు తోసిందా? ఇక్కడ నవలకి రెండో అంతస్తు లేస్తుంది.

కులం సంగతి దాటేయకండి. ఏ పిల్లవాడు ఎవరి వసారా దాకా వస్తాడు, ఎవరి వంటింట్లోకి వెళ్తాడు, ఎవరింట్లో వేరే గ్లాసు ఇస్తారు, ఇవన్నీ పిల్లలకి తెలుసు. పదహారేళ్లవాళ్ల కోసం రాసే పుస్తకం వాళ్లకి తెలిసిన నిజం దాచకూడదు. ఉపన్యాసం అక్కర్లేదు, గ్లాసు ఎక్కడ పెట్టారో రాస్తే చాలు.

విడిపోయే గడువు కూడా సిద్ధంగానే ఉంది. పదో తరగతి అయ్యాక చదువుకునేవాళ్లని విజయవాడ హాస్టళ్లకి పంపేస్తారు, స్తోమత లేనివాళ్లు ఊళ్లోనే ఉండిపోతారు. మాయ లేకపోయినా ఆ జూన్ నెల ఈ స్నేహాన్ని చీల్చేదే. వరద సరిగ్గా దాని వెనకే వస్తుంది.

కథని ఏడాది మీద పరవండి

ప్లాట్ కోసం సూత్రాలు వెతక్కండి. గోడ మీద తెలుగు క్యాలెండర్ తగిలించుకుని నెలల వెంట నడవండి.

కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన దేవుడి వాహనాలు, వస్తాయి. అంతెత్తు ప్రభల్ని భుజాల మీద మోస్తూ వరిచేలల్లోంచి, కౌశిక కాలవలోంచి "అశ్శరభ శరభ" అంటూ దాటిస్తారు. మీ మొదటి పెద్ద సన్నివేశం ఇక్కడ పెట్టండి. కాలవలో ప్రభ ఒరిగింది, సత్తిబాబు దాని కింద ఉన్నాడు, దుర్గ ఆలోచించకుండా చెయ్యి నీళ్లలో పెట్టింది. శక్తి బయటపడే క్షణం స్నేహితుణ్ని కాపాడటానికే అయితే, అదే శక్తి తర్వాత అతన్ని ముంచినప్పుడు పాఠకుడి గుండె పట్టుకుంటుంది.

మాఘంలో అంతర్వేది కల్యాణం, భీష్మ ఏకాదశి నాడు రథం. అమ్మమ్మ నిజం చెప్పడానికి ఆ యాత్ర బాగుంటుంది. వేసవిలో కాలవలు కట్టేస్తారు, బావుల్లో నీళ్లు ఉప్పగా మారతాయి, ముంజలొస్తాయి. ఆ రెండు నెలలూ ప్రమాదం లేకుండా నవ్వుకుంటూ గడవనివ్వండి. ఇక్కడ ఎంత నవ్విస్తే తర్వాత అంత నొప్పి. జులైలో ఎర్రనీరు దిగుతుంది, సముద్రం నుంచి పులస చేప ఏటికి ఎదురీదుతూ వస్తుంది, రేటు గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది.

తర్వాత వరద. ప్రభుత్వం మీ కోసం మూడంకాల నాటకం ముందే రాసి పెట్టినట్టుంటుంది. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకి మూడు హెచ్చరికలు. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులకి మూడు హెచ్చరికలు. పైన పెరిగిన నీరు కిందకి దిగడానికి గంటలు పడుతుంది కాబట్టి ముంపు వస్తుందని లంకవాళ్లకి ముందే తెలుస్తుంది. టీవీలో అంకె మారుతుంటుంది, బయట ఎండ కాస్తుంటుంది. ఆ ఎదురుచూపుని వదులుకోకండి. మొదటి హెచ్చరికకి దుర్గ కొంచెం నీరు తోస్తుంది, ఎవరికీ ఏమీ కాదు. రెండో హెచ్చరికకి సత్తిబాబు వాళ్ల దూడ కొట్టుకుపోతుంది. మూడోదానికి ఇద్దరికీ అన్నీ తెలిసి ఉండాలి.

పెద్దవాళ్లు 1986 వరదతో పోల్చుకుంటారు, కుర్రాళ్లు 2022 జులైతో పోల్చుకుంటారు. ఒక సన్నివేశంలో రెండు తరాలూ గట్టు మీద కూర్చుని మాట్లాడుకునేలా రాస్తే చరిత్ర దానంతటదే లోపలికి వస్తుంది. తుపాను కథ కావాలనుకుంటే 1996 నవంబరు గుర్తున్నవాళ్లని కదిలించండి. తలలు తెగిన కొబ్బరితోటల గురించి వాళ్లు గంటలకొద్దీ చెప్తారు.

శత్రువు విషయంలో జాగ్రత్త

ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలావిణ్ని మంత్రగత్తెని చేయకండి. చిల్లంగి, చేతబడి చేస్తోందన్న అనుమానంతో మన జిల్లాల్లో నిజమైన మనుషుల్ని కొట్టారు, చంపారు కూడా. మీ పుస్తకం ఆ అనుమానానికి బలం ఇవ్వకూడదు. మన కథకి నిజానికి అలాంటి శత్రువు అవసరమే లేదు. కోతలో పొలమంతా పోగొట్టుకున్న ఒక మనిషిని తీసుకోండి. దుర్గ శక్తి సంగతి అతనికి తెలిసింది. తన మిగిలిన అరెకరం కాపాడమని బతిమాలతాడు, తర్వాత బెదిరిస్తాడు. అతని మాటలో న్యాయం ఉంది. అందుకే భయం.

మాటలు చెవికి పట్టేలా రాయండి

కథ చెప్పే భాష అందరికీ అర్థమయ్యే మామూలు తెలుగులో ఉంచండి, సంభాషణలు మాత్రం గోదారి యాసలో నడపండి. ప్రతి వాక్యానికీ "అండి" తగిలిస్తే సినిమా కామెడీ అవుతుంది. పంటు నడిపే సరంగుని పిల్లలు "బాబాయ్" అంటారు, అతను మాస్టారితో "ఆయ్, ఇదిగో వచ్చేత్తన్నానండి" అంటాడు, పిల్లలు తమలో తాము "ఏరా", "ఏంటే" అనుకుంటారు. ఎవరు ఎవరితో ఎలా మాట్లాడతారో ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి, మధ్యలో తడబడరు.

రెండో హెచ్చరిక తర్వాతి సన్నివేశం ఇలా ఉండొచ్చు:

పంటు నడి ఏట్లోకి వచ్చాక సత్తిబాబు వచ్చి దుర్గ పక్కన నిలబడ్డాడు.

"మా దూడ పోయింది."

దుర్గ మాట్లాడలేదు.

"మీ అరుగు మీదకి కూడా నీళ్లు రాలేదంట కదే. బాబాయ్ చెప్పాడు. మెరకలో ఉన్న మా ఇల్లు మునిగితే పల్లంలో ఉన్న మీ ఇల్లెలా మిగిలింది?"

"దేవుడి దయరా."

"ఆయ్," అన్నాడు సత్తిబాబు, పెద్దవాళ్లతో అన్నట్టు. తర్వాత బండ్ల అవతలికి వెళ్లి నిలబడ్డాడు.

ఇందులో మాయ అన్న మాట ఎక్కడా లేదు. అయినా సన్నివేశం నిండా అదే ఉంది. మీ నవలలో మాయ జరిగే పేజీలు తక్కువ, దాని తర్వాతి పేజీలు ఎక్కువ ఉండేలా చూసుకోండి.

మూడో హెచ్చరిక రాత్రి ఏం జరగాలి

ముగింపుకి ఒకటే నిబంధన. అప్పటిదాకా చెప్పని కొత్త శక్తి చివర్లో దిగకూడదు. నీరు మాయం కాదని మీరే చెప్పారు. కాబట్టి ఎక్కడో ఒకచోట అది పడాల్సిందే. దుర్గ అసలు తోయకుండా ఉండొచ్చు. రెండు లంకలూ సగం సగం మునుగుతాయి, అందరూ బతుకుతారు, ఆమె ఊరు ఆమెని క్షమించదు. లేదా అంతర్వేది కథలోలాగా ఇద్దరూ కలిసి పట్టొచ్చు. ఇటు దుర్గ, అటు సత్తిబాబు చెరో ఒడ్డున నీళ్లలో నిలబడితే వరద మధ్యపాయలోనే సాగిపోతుంది, కానీ నడుమనున్న ఇసుకమేట, వాళ్లు ఆడుకున్న చోటు, పూర్తిగా పోతుంది. ఇది కుదరాలంటే, ఎదురొడ్డున కూడా ఒకరు నిలబడితే నీరు అటు మళ్లదన్న నియమం ముందు అధ్యాయాల్లోనే పెట్టి ఉండాలి. నాకు రెండోదే ఇష్టం, ఒక షరతు మీద. సత్తిబాబు ఆ రాత్రి రావడానికి ఒప్పుకోవడం కష్టంగా ఉండాలి. దూడ సంగతి అతను మర్చిపోకూడదు. దుర్గ నిజం చెప్పే సన్నివేశం వరద సన్నివేశం కన్నా పొడుగ్గా ఉన్నా పర్వాలేదు.

రాయడం, సరిచూసుకోవడం

మొదటి ప్రతి నలభై యాభై వేల పదాలు ఉంటే ఈ వయసు పాఠకులకి సరిపోతుంది. రోజూ ఒకే వేళకి కూర్చోండి. ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్ వాడితే సంభాషణలు సహజంగా వస్తాయి, వర్ణనలు మాత్రం చేత్తో రాస్తేనే బాగుంటాయని నా అభిప్రాయం.

ప్రతి పూర్తయ్యాక ముగ్గురికి చదివి వినిపించండి. ఒకరు పదో తరగతి పిల్ల. ఆమె ఎక్కడ ఫోన్ వైపు చూసిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇంకొకరు లంకలో ఉండే పెద్దమనిషి, నీళ్ల సంగతి ఆయన సరిచూడాలి. పోటు మీద పడవ ఎటు లాగుతుంది, పశువుల్ని ముందు ఎవరు గట్టెక్కిస్తారు, బరకం ఎలా కడతారు అని అడిగి, ఆయన చెప్పినట్టు మార్చేయండి. మూడోవారు అసలు గోదావరి చూడని పాఠకులు, అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో ఉండేవాళ్లు. మెరక, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు), దింపు లాంటి మాటలు సన్నివేశంలోనే వాళ్లకి అర్థమయ్యాయో లేదో కనుక్కోండి. అర్థం కాకపోతే మాట తీసేయకండి, సన్నివేశం బాగుచేయండి.

అచ్చు వేయాలనుకుంటే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. డబ్బు చాలకపోతే ముందు ప్రతిలిపి లాంటి చోట వారానికో అధ్యాయం పెట్టండి. అలా పెట్టేటప్పుడు పుస్తకమంతా రాయడం అయిపోయాకే మొదలుపెట్టండి. మూడో హెచ్చరిక దగ్గర పాఠకుల్ని నెలల తరబడి గట్టు మీద కూర్చోబెట్టకూడదు.